దప్పిగొన్న నాయకుడికి వీరరసంలో చోటు లేదా?

కడప, కర్నూలు, అనంతపురం జిల్లాల కళాశాలల్లో తెలుగు బోధిస్తున్న అధ్యాపకులకు, పాఠ్యప్రణాళికలు నిర్ణయించే సంఘాల సభ్యులకు బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా, నమస్కారం.

నేను 31 ఏళ్లపాటు డిగ్రీ తరగతులకు తెలుగు చెప్పి, అందులోనూ ఎక్కువ కాలం అలంకారశాస్త్రమే చెప్పి, పదవీ విరమణ తర్వాత ప్రొద్దుటూరులో స్థిరపడిన అధ్యాపకురాలిని. మాది మగ్గం మీద బతికిన కుటుంబం. మా ఇంట్లో ఎవరూ క్రైస్తవులు కారు, నేనూ కాను. ఈ సంగతి ముందే చెప్పుకోవలసి రావడం నాకు కొంచెం చిన్నతనంగానే ఉంది, ఎందుకంటే పోతన మీద వ్యాసం రాసేవారిని మీరు వైష్ణవులా అని ఎవరూ అడగరు. అయినా, ఈ ఉత్తరంలో నేను అడగబోయేది ఒక మతం తరఫున కాదని, వీరరసం అనే పాఠం తరఫున మాత్రమేనని మొదట్లోనే మీకు తెలియడం మంచిదని చెబుతున్నాను.

విషయం మూడేళ్ల కిందటిది. ముద్దనూరు దగ్గరి పల్లె నుంచి వచ్చి, డిగ్రీలో నా దగ్గర చదువుకుని, ఆ పైన ఎం.ఏ. తెలుగులో చేరిన ఒక అమ్మాయి, జాషువ ‘క్రీస్తు చరిత్ర’లో దయావీరం, అంటే ఇతరుల మీద దయతో తనను తాను అర్పించుకునే వీరం, అనే అంశం మీద 18 పేజీల పత్రం చేత్తో రాసి ఒక కళాశాల సదస్సుకు పంపింది. పత్రం వారం తిరక్కుండానే వెనక్కి వచ్చింది. పైన ఎర్ర సిరాతో ‘మత సంబంధమైన విషయం, వేరే అంశం ఎంచుకోగలరు’ అని ఒక్క వాక్యం ఉంది. అదే సదస్సులో అన్నమయ్య శరణాగతి మీద, బసవపురాణంలోని భక్తుల సాహసం మీద పత్రాలు చదివారు. అవి చదివినందుకు నాకు సంతోషమే, అందులో ఒక సమావేశానికి నేనే అధ్యక్షత వహించాను కూడా. ఆ పిల్ల దిగులుపడి తన పత్రాన్ని వాళ్ల చర్చి సంఘ కాపరికి చూపిస్తే, ఆయన ఓపికగా చివరిదాకా చదివి, ప్రభువును కావ్యనాయకుల వరసలో నిలబెట్టి లక్షణాలు లెక్కపెట్టడం తప్పమ్మా అన్నారట. కళాశాలవారికి అందులో మతం ఎక్కువైంది, సంఘంవారికి సాహిత్యం ఎక్కువైంది. పత్రం మాత్రం మా ఇంటి బీరువాలోకి చేరింది.

ఇది ఎవరో ఒకరి పొరపాటని నేను ఊరుకునేదాన్నే. కానీ తర్వాత ఒక గ్రంథాలయంలో అదే కావ్యం కోసం వెతికినప్పుడు, పోతన భాగవతం, మొల్ల రామాయణం తెలుగు సాహిత్యపు బీరువాలో 894.827 అనే సంఖ్య కింద ఉంటే, ‘క్రీస్తు చరిత్ర’ మాత్రం మరో గదిలో, మతం అని రాసిన అరలో, ఉచితంగా పంచే కరపత్రాల పక్కన కనిపించింది. కేంద్ర సాహిత్య అకాడమీ 1964లో తెలుగుకు ఇచ్చిన బహుమతి ఆ పద్యకావ్యానికే. అకాడమీవారు సాహిత్యమని గుర్తించిన దానిని మనం అర మార్చి పెట్టుకున్నాం. వెన్ను మీద అంటించిన ఆ చిన్న కాగితం ముక్కను చూస్తూ నిలబడ్డప్పుడే, ఈ ఉత్తరం రాయాలన్న ఆలోచన వచ్చింది.

ఇక శాస్త్రం సంగతికి వస్తాను. వీరం ఎన్ని రకాలు అన్న ప్రశ్నకు మన ఆలంకారికులు అందరూ ఒకే జవాబు చెప్పలేదని మీకు తెలియనిది కాదు. నాట్యశాస్త్రం రాసిన భరతుడు దానవీరం, ధర్మవీరం, యుద్ధవీరం అని మూడు చెప్పాడు. పదో శతాబ్దంలో ధనంజయుడు దశరూపకంలో మూడే చెప్పాడు గాని, వాటిలో ధర్మవీరానికి బదులు దయావీరం చేరింది. 14వ శతాబ్దపు విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో నాలుగింటినీ కలిపి లెక్కించాడు. అంటే వీరరసపు గది గోడలు కొన్ని శతాబ్దాలపాటు జరుగుతూనే వచ్చాయి. ఆ జరుపుడుకు కావ్యాలే కారణం అనడానికి మంచి సాక్ష్యం, దశరూపకానికి ధనికుడు రాసిన వ్యాఖ్యానంలో నాగానంద నాటకం మీద జరిగిన చర్చ. పాముల రాజు గరుడుడికి రోజుకొక పామును ఆహారంగా పంపుతుంటే, ఆ రోజు వంతు వచ్చిన శంఖచూడుడి బదులు జీమూతవాహనుడు తానే వెళ్లి వధ్యశిల మీద పడుకుంటాడు. ఇతడు నెమ్మది స్వభావపు ధీరశాంతుడా, గంభీరుడైన మహావీరుడు ధీరోదాత్తుడా? రసం శాంతమా, వీరమా? మలయవతి మీద ప్రేమ, చివరికి లభించిన విద్యాధర చక్రవర్తిత్వం శాంతానికి కుదరవు గనుక, ఇది దయావీరమేనని, నాయకుడు ధీరోదాత్తుడేనని ధనికుడు తేల్చాడు. కత్తి దూయకుండా ఒళ్లప్పగించినవాడిని మన శాస్త్రం వీరుడని ఒప్పుకుంది. ఇంకో మాట. ఆ నాటకం నాందీ శ్లోకాల్లో స్తుతించినది బుద్ధుణ్ణి. దాన్ని పాఠంగా చెప్పినంతకాలం మనలో ఎవరూ బౌద్ధ ప్రచారం చేస్తున్నామని భయపడలేదు.

తరగతిలో యుద్ధవీరానికీ దానవీరానికీ ఉదాహరణ వెతుక్కుంటూ మనం దూరం పోనక్కర్లేదు, ఒక్క ఉయ్యాలవాడ పేరు చెబితే చాలు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరికంబం ఎక్కిన నరసింహారెడ్డి ఒకరు, 1866 నాటి కరువులో వాకిట్లోకి వచ్చినవారినల్లా అన్నంపెట్టి నిలిపిన బుడ్డా వెంగళరెడ్డి మరొకరు. ఇద్దరి మీదా పాటలున్నాయి, ఇద్దరినీ పిల్లలు గుర్తుపడతారు. దయావీరం దగ్గరికి వచ్చేసరికి మాత్రం శిబి చక్రవర్తి, జీమూతవాహనుడు అని రెండు పేర్లు రాయించి ముందుకు పోతాం. నేనూ 31 ఏళ్లలో చాలాసార్లు అలాగే పోయాను.

ఆ అమ్మాయి పత్రం చదివేదాకా నాకూ ఒక అభ్యంతరం ఉండేది, అది మీకూ ఉంటుంది. వీరానికి స్థాయి, అంటే అడుగున నిలిచి ఉండే భావం, ఉత్సాహం కదా, శిలువ కథలో ఉత్సాహం ఎక్కడుంది? అది చదివినవారికి కన్నీళ్లు వస్తాయి, శోకమే స్థాయిగా నిలుస్తుంది, కాబట్టి అది కరుణం కాదా? ఈ ప్రశ్నను తేలిగ్గా తోసెయ్యకూడదు. నిజానికి క్రైస్తవ సాహిత్యం పేరుతో వచ్చిన పద్యాల్లో చాలా భాగం కరుణం దగ్గరే ఆగిపోయి, గాయాలను లెక్కపెట్టి, శ్రోతను ఏడిపించి ఊరుకుంటాయి. అవన్నీ గొప్పవని నేననను. కానీ మూలకథను జాగ్రత్తగా చదివితే, ఏడ్చేది చూసేవారే గాని నాయకుడు కాదు. వెంట ఏడుస్తూ నడిచిన స్త్రీలతో, నా నిమిత్తం ఏడవకండి, మీ నిమిత్తం, మీ పిల్లల నిమిత్తం ఏడవండి అని ఆయనే అన్నట్టు లూకా రాశాడు. భయం లేదా అంటే ఉంది. గెత్సేమనే తోటలో ఆ గిన్నె తన దగ్గరనుంచి తొలగిపోతే బాగుండునని ప్రార్థించాడు. భయపడి, భయాన్ని దాచకుండా చెప్పి, ఆ తర్వాత లేచి ఎదురు వెళ్లాడు. పట్టుకోవడానికి వచ్చినవారి మీద పేతురు కత్తి దూసి ఒకడి చెవి నరికితే, కత్తి వరలో పెట్టమని, కత్తి పట్టినవారు కత్తితోనే నశిస్తారని చెప్పి, ఆ తెగిన చెవిని బాగుచేశాడు. వేటకొడవలిని చూపించి ఇదే సీమ పౌరుషమని సినిమాలవాళ్లు ఇన్నేళ్లుగా మన మీద రుద్దిన తర్వాత, ఈ ఒక్క ఘట్టాన్ని మన పిల్లల చేత రసదృష్టితో చదివించడంలో తప్పేముందో నాకు అర్థం కాదు.

భరతుడు వీరానికి చెప్పిన అనుభావాల్లో, అంటే లోపలి భావాన్ని బయటికి తెలిపే వాటిలో, స్థైర్యం, ధైర్యం, త్యాగం ఉన్నాయి. వీటిని నేను పుస్తకంలో చూసి ఏళ్లతరబడి పాఠం చెప్పాను గాని, ఒక మనిషి నోట విన్నది కిందటేడు గుడ్‌ఫ్రైడే నాడు. ఆ అమ్మాయి పిలిస్తే వాళ్ల పల్లెకు వెళ్లాను. రేకుల కప్పు, కింద కడప బండలు, వాటి మీద చాపలు. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా శిలువ మీద పలికిన ఏడు మాటల్ని ఏడుగురు వివరిస్తారు. అంతవరకు ఉపవాసం. వాకిట్లో కుండ, దాని మీద మూత, మూత మీద గ్లాసు ఉన్నాయి గాని ఎవరూ దాని వైపు పోవడం లేదు. అయిదో మాట ‘దప్పిగొనుచున్నాను’. దాన్ని చెప్పడానికి లేచినవాడు గొర్రెలు కాచుకునే ముసలాయన. చేతిలో కాగితం లేదు.

ఆయన ముందు శిలువ దగ్గర మొదలుపెట్టకుండా సమరయ బావి దగ్గర మొదలుపెట్టాడు. యూదులు సమరయులతో కలవరు, అయినా యూదుడైన క్రీస్తు అక్కడి సమరయ ఆడమనిషిని నీళ్లడిగాడు. ‘మా చిన్నప్పుడు బాయికాడ కడవ కింద బెట్టుకోని, ఎవురన్నా పోస్తారేమోనని నిలబడుకోని ఉంటాంటిమి. అడగాలంటే దప్పి ఒగటే సాలదమ్మా, గుండె గావాల’ అన్నాడు. తర్వాత శిలువకు వచ్చాడు. మేకులు కొట్టకముందు మత్తు రావడానికి బోళం కలిపిన ద్రాక్షారసం ఇస్తే ఆయన తీసుకోలేదు, నొప్పి తెలియకుండా చేసేదాన్ని వద్దన్నాడు. ‘అది వద్దన్నోడు నీళ్లు మాత్రం అడిగినాడు. ఓర్సుకునేదానికి సిగ్గు ల్యా, అడుక్కునేదానికీ సిగ్గు ల్యా’ అని కూర్చున్నాడు. మొత్తం ఆరేడు నిమిషాలు.

నా పక్కన ఒక పిల్లవాడు కుండ వైపు చూస్తున్నాడు. నేను మాత్రం ఆ ముసలాయన ఇప్పుడు చెప్పినది అనుభావ వివేచన కాకపోతే ఏమిటా అని ఆలోచిస్తున్నాను. మత్తును నిరాకరించి మెలకువతో బాధను ఎదుర్కోవడం స్థైర్యం. అవమానించినవారి లోకాన్నే నీళ్లడగగలగడం, నా చూపులో, ఇంకా పెద్ద ధైర్యం. 13వ శతాబ్దంలో క్రైస్తవ తత్వవేత్త థామస్ అక్వినాస్ ధైర్యానికి ప్రధాన లక్షణం ఎదుటివాడి మీద పడటం కాదు, నిలబడి ఓర్చుకోవడం అన్నాడు. గొర్రెల కాపరి ఆయన పేరు విని ఉండడు.

ఉత్సాహం ఎక్కడుందన్న ప్రశ్నకు ఇంకా సూటి జవాబు ప్రాచీన ఆంగ్ల కవిత్వంలో ఉంది. శిలువే మాట్లాడుతున్నట్టు రాసిన ఒక స్వప్నకావ్యం పదో శతాబ్దం చివరినాటి రాతప్రతిలో నిలిచింది. ఆ ప్రతి ఇటలీలోని వెర్చెల్లి అనే ఊళ్లో ఉంది. అందులో క్రీస్తు ఈడ్చుకొచ్చిన నేరస్థుడిలా రాడు. యువ వీరుడిలా వస్త్రాలు తానే విడిచి, నలుగురూ చూస్తుండగా, వెనకాడకుండా ఆ ఎత్తైన కొయ్య తానే ఎక్కుతాడు. యుద్ధగీతాలు వింటూ పెరిగిన జనానికి ఆ కవి తన కొత్త విశ్వాసాన్ని వాళ్ల వీరరస భాషలోనే చెప్పాడు. ప్రభువును సేవించే భటుడిలా శిలువ మాట్లాడుతుంది. శత్రువులను కూల్చగలిగి ఉండీ, ఆయన ఆజ్ఞ లేదు గనుక వంగకుండా నిలబడ్డానంటుంది. స్థాయి ఉత్సాహమే అనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇంకో సంగతి నన్ను మరీ ఆకట్టుకుంది. ఆ కావ్యంలోని కొన్ని పంక్తులు అంతకు ముందే, దాదాపు 8వ శతాబ్దంలో, స్కాట్లాండులోని రుత్‌వెల్ అనే ఊళ్లో అయిదున్నర మీటర్ల ఎత్తు రాతి శిలువ మీద రూనిక్ అనే పాత లిపిలో చెక్కి ఉన్నాయి. తొలి తెలుగు శాసనాల్లో ఒకటైన కలమళ్ల శాసనం ఉన్న జిల్లావాళ్లం, ఊరి పొలిమేరల్లో వీరగల్లులు చూస్తూ పెరిగినవాళ్లం, ఇది మనకు అర్థం కాదా? పశువుల కోసమో ఊరి కోసమో ప్రాణమిచ్చినవాడి బొమ్మను రాతి మీద చెక్కి నిలబెట్టినట్టే, అక్కడివాళ్లు తమ వీరుడి మరణాన్ని రాతికెక్కించారు. దాన్ని విగ్రహారాధన కింద లెక్కగట్టి 1640ల్లో పగలగొట్టించింది కూడా అక్కడి చర్చి సభే. తిరిగి ముక్కలేరి 1823లో నిలబెట్టిందీ ఆ ఊరి పాదిరిగారే. మా ముద్దనూరు పిల్ల పత్రాన్ని తప్పుపట్టిన కాపరిగారు ఈ కథ వింటే బాగుండునని నా ఆశ.

జాషువ దగ్గరికి రాకుండా ఈ ఉత్తరం పూర్తికాదు. ఆయన పుట్టింది పల్నాడులో, వినుకొండలో, 1895లో. వీరగాథలు పాడుకునే నేల అది. ఆ నేల మీద పుట్టినవాడు తన నాయకులుగా ఎవరిని ఎంచుకున్నాడో చూడండి. ‘ఫిరదౌసి’లో మాట తప్పిన సుల్తాను ముందు తల వంచని కవి, 1941లో వచ్చిన ‘గబ్బిలం’లో కత్తీ లేక కూడూ లేక కాశీ విశ్వనాథుడికి విన్నపం పంపుకునే అరుంధతీ సుతుడనే దళితుడు, చివరికి క్రీస్తు. మేఘసందేశపు యక్షుడికి మేఘం దొరికింది, ఇతడికి గబ్బిలం దొరికింది. గుడిలోకి ఎగిరిపోవడానికి గబ్బిలానికి అడ్డు లేదు, పంపినవాడికి ఉంది. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన కవి తన వేదనను శివుడి చెవిన వేయించాడు. అలాంటి మనిషి ఆ తర్వాత క్రీస్తు కథను తీసుకున్నప్పుడు, దాన్ని కీర్తనలా కాక, పద్యం, నాయకుడు, రసం అన్నీ తెలిసిన తెలుగు కావ్యకవిగా తీసుకున్నాడు. ఓర్పు, ఆకలి, అవమానం, ఎదురు ప్రశ్న అనే వరసలో ఈ మూడు కావ్యాలనూ కలిపి చదివితే తప్ప ఆయన వీరుడెవరో తెలియదు. మనం ‘గబ్బిలం’ నుంచి పది పద్యాలు పెట్టి, సామాజిక స్పృహ అని శీర్షిక పెట్టి, మూడోదాన్ని మతం అరకు పంపేస్తున్నాం. ఇది జాషువను సగానికి కోసెయ్యడమే. క్రీస్తు కథను తెలుగు కావ్యం చేసినవారిలో ఆయనా మొదటివాడు కాదు. 18వ శతాబ్దంలోనే మంగళగిరి ఆనందకవి ‘వేదాంత రసాయనము’ రాశాడు. ఎం.ఏ. పూర్తిచేసిన మన విద్యార్థుల్లో ఎందరికి ఆ పేరు తెలుసునో మీరే అడిగి చూడండి.

మంచిని మాత్రమే ఏరి చూపించమని నేను కోరడం లేదు. క్రైస్తవ వీరసాహిత్యంలో కత్తిని కొనియాడినదీ ఉంది. ఫ్రెంచి వీరగాథ ‘రోలాండు పాట’ అన్యమతస్థులది తప్పు, క్రైస్తవులది ఒప్పు అని ఒక్క ముక్కలో తీర్పు చెప్పేస్తుంది. పైగా 778లో ఒక కొండ కనుమలో రోలాండు సైన్యం మీద పడినవారు బాస్కులు కాగా, కావ్యం వారిని ముస్లిములుగా మార్చింది. ఇది కూడా తరగతిలో చెప్పాలి. ఒకే విశ్వాసం నుంచి ఆ యుద్ధవీరమూ పుట్టింది, దొంగ ఎత్తుకుపోయిన వెండి సామానుకు తోడు రెండు దీపస్తంభాలు కూడా ఇచ్చి పంపిన విక్టర్ హ్యూగో నవలలోని బిషప్పు దయావీరమూ పుట్టింది. ఏ రసం ఏ విలువను మోస్తోందో పోల్చి చూడటం అధ్యాపకుడి పని. ప్రచారకుడికి ఆ పోలికతో పని ఉండదు, కాబట్టి పాఠానికీ ప్రచారానికీ ఉన్న తేడా విద్యార్థికి అక్కడే తెలుస్తుంది.

మన కడపలోనే ఒక పూర్వోదాహరణ ఉంది. కలకత్తాలో పాదిరిగా పనిచేసిన డేవిడ్ బ్రౌన్ కొడుకు సి.పి. బ్రౌన్ 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చి, తన మతానికి సంబంధం లేని వేమన పద్యాల ప్రతులు సేకరించి, పోల్చి, పరిష్కరించి, 1829లో అచ్చువేయించాడు. ఆయన బంగళా ఉన్న చోటే ఇవాళ ఆయన పేరిట గ్రంథాలయం నడుస్తోంది. బ్రౌన్ అభిప్రాయాలన్నిటితో మనం ఏకీభవించనక్కర్లేదు, నేనూ ఏకీభవించను. కానీ ఇది మా మతం పుస్తకం కాదు గదా అని ఆయన ఆ తాటాకుల కట్టలు విప్పకుండా ఉండి ఉంటే మనకు జరిగే నష్టం తలచుకుంటే భయమేస్తుంది.

నేను అడుగుతున్నది పెద్దదేం కాదు. వీరరసం పాఠంలో దయావీరానికి శిబి కథ పక్కన ‘క్రీస్తు చరిత్ర’ నుంచి ఒక ఘట్టం చేర్చండి. రెంటినీ ఒకే కొలతతో, విభావాలతో (భావాన్ని పుట్టించే కారణాలతో), అనుభావాలతో సహా, విద్యార్థుల చేత పరిశీలింపజేయండి. సదస్సులకు వచ్చే పత్రాల్లో మత సంబంధం అనే కారణం చూపి దేన్నయినా తిప్పి పంపాలనుకుంటే, అదే కారణంతో అన్నమయ్య మీది పత్రాన్ని కూడా తిప్పి పంపగలమా అని ఒకసారి ప్రశ్నించుకోండి. మీ కళాశాల గ్రంథాలయానికి వెళ్లినప్పుడు ఆ పుస్తకం ఏ అరలో ఉందో చూసి, వెన్ను మీది సంఖ్య మార్పించండి. దీనికి ఏ ఉత్తర్వూ అవసరం లేదు, కొత్త కాగితం ముక్క, కొంచెం జిగురు చాలు. సంఘ పెద్దలతో విడిగా మాట్లాడే పని నేను పెట్టుకున్నాను. వాళ్లు నన్ను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు గాని ఇంకా ఒప్పుకోలేదు.

ఆ 18 పేజీల పత్రం నా దగ్గర భద్రంగా ఉంది. ఎర్ర సిరా వాక్యాన్ని చెరపలేదు. మీలో ఎవరి శాఖ పిలిచినా ఆ అమ్మాయి వచ్చి చదువుతానంది, బస్సు ఖర్చులు నేను పెట్టుకుంటాను. ఇప్పుడు ఆమె ఒక ప్రైవేటు బడిలో తొమ్మిది, పది తరగతులకు తెలుగు చెబుతోంది గనుక ఒక వారం ముందు తెలియజేస్తే సెలవు పెట్టుకుంటుంది. ఆదివారం మాత్రం పెట్టవద్దు, ఆ పూట ఆమె పాటల బృందంలో ఉంటుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు అధ్యాపకురాలు,
ప్రొద్దుటూరు, కడప జిల్లా